నరేశ్ బిగించిన టర్బో

నా షెడ్డులో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే రేడియో సౌండ్ పెంచేవాణ్ని. అంత చిరాకు నాకు. బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ చూసుకోవాలి గానీ నిమ్మకాయలు కడితే ఏం లాభం? అమావాస్య నాడు కారు డెలివరీ తీసుకోనని పేచీ పెట్టిన కస్టమర్‌తో, "అయితే అమావాస్య నాడు అన్నం గూడ తినకు" అని గొడవ పడ్డవాణ్ని. ఇంట్లో, చుట్టాల్లో, ఆటోనగర్‌లో నన్నెరిగిన వాళ్లందరికీ నేను దేన్నీ నమ్మని మొండివాణ్నని తెలుసు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ పేరు ఉండబట్టే ఒక రోజు ఆసుపత్రిలో నా మాట చెల్లింది. చెల్లకపోయి ఉంటే బాగుండేదేమో. అది కూడా నాకు తెలియదు.

నా పేరు యాదగిరి. మాది నల్లగొండ పక్కన పల్లె. ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు వైపు ఒక సందులో నాకూ, నా తమ్ముడు నరేశ్‌కూ కార్ల షెడ్డు ఉంది. ఇల్లు బడంగ్‌పేట్‌లో. అమ్మ, నేను, నా భార్యాపిల్లలు, నరేశ్, వాడి భార్య స్వప్న, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్ల దగ్గర కూర్చునేది. ఉద్యోగం అంటే ఆ అమ్మాయికి ప్రాణం.

నరేశ్‌కు ఒక పిచ్చి ఉండేది. ఆరు సిలిండర్ల పాత జర్మన్ కారు ఒకటి ఎవరో వరద నీళ్లలో మునిగిందని వదిలించుకుంటే, దాన్ని తాడు కట్టి లాక్కొచ్చాడు. దాని ఇంజన్‌కు రెండు టర్బోలు పెడతానన్నాడు. నేను తిట్టాను. వాడు నవ్వాడు. మా ఇద్దరి మధ్య ఏ పనైనా అట్లాగే మొదలయ్యేది.

టర్బో అంటే తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజన్‌లోంచి పొగ బయటికి పోతుంది కదా, ఆ పొగ తోపుకు ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండికి జోరు వస్తుంది. మా కారులో ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. ముందు మూడింటి పొగ ఒక టర్బోకు, వెనక మూడింటి పొగ ఇంకో టర్బోకు పోయేటట్టు గొట్టాలు మేమే వెల్డింగ్ చేసుకున్నాం. ఒక పెద్ద టర్బో పెడితే చాలదా అని నేను వాదించాను.

"పెద్దదాన్ని లేపాలంటే టైం పడ్తదన్నా. చిన్నయి రెండు పెడ్తే కాలు బెట్టంగనే లేస్తయి" అన్నాడు.

ముందుది నేను విప్పి, కడిగి, బేరింగులు మార్చి బిగించాను. వెనకది మొత్తం వాడే చేశాడు, నన్ను చెయ్యి పెట్టనీయలేదు.

మా షెడ్డులో ఒక అలవాటు ఉంది. అమ్మ పెట్టిన నియమం. ఏ కొత్త పార్టు బండికి ఎక్కినా దానికి బొట్టు పెట్టాలి. నేను పెట్టను, నరేశ్ పెడతాడు. చిటికెడు కుంకుమలో ఇంజన్ ఆయిల్ చుక్క కలిపి, అగ్గిపుల్లతో పెడతాడు. ఈసారి తీసుకెళ్లి సరాసరి టర్బోల గాలి చక్రాల మధ్యలో ఉండే నట్ల మీద, ఒక పక్కగా పెట్టాడు.

"బ్యాలెన్స్ పోతదిరా ఎడ్డోడా" అన్నాను.

"గింత బొట్టుకు ఏం గాదులే. అమ్మ అడిగితే ఏమని చెప్పాలె?" అన్నాడు.

ఆ బొట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతాదంతా నేను దాన్ని చూసే చెప్తున్నాను. గాలి వచ్చే పైపు ఊడదీసి టార్చ్ వేస్తే నట్టు కనిపిస్తుంది. చక్రం ఆగి ఉంటే ఎర్రటి చుక్క. తిరుగుతుంటే ఆ చుక్క ఎర్రటి గీతలాగా గుండ్రంగా కనిపిస్తుంది. మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజున రెండూ తిరిగాయి. తెల్లారాక నాదర్‌గుల్ వైపు తీసుకుపోయాం. ట్రైనింగ్ విమానాలు లేచే చోటు పక్కన రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది. నరేశ్ ఎక్సలేటర్ తొక్కాడు. రెండు టర్బోల ఈలలూ కలిసి ఒకటైపోయాయి, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. తల మీద చిన్న విమానం పోతుంటే, "మనం గూడ ఎగురుదామా అన్నా?" అని అరిచాడు. అరేయ్ సచ్చిపోతంరా, ఆపు అని నేను కేకలు. వాడి మొహంలో అంత సంతోషం వాడి పెళ్లప్పుడు కూడా చూడలేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, స్వప్నకు టిఫిన్ డబ్బా ఇచ్చి స్కూటీ మీద తిరిగి వస్తూ కొత్తపేట దగ్గర మెట్రో పిల్లర్ల కింద జారిపడ్డాడు. ఎవరూ గుద్దలేదు. బండికి గీత కూడా సరిగ్గా పడలేదు. తల మాత్రం డివైడర్ అంచుకు తగిలింది. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతోంది. షేర్ ఆటో అతనెవరో ఎక్కించుకుని దగ్గర్లోని ఆసుపత్రికి తెచ్చాడు. నేను వెళ్లేసరికి నోట్లో గొట్టం వేసి మిషన్‌తో ఊపిరి ఇస్తున్నారు.

తల లోపల రక్తం గడ్డ కట్టిందని ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వాడు కళ్లు తెరవలేదు.

ఒక వారం ఎట్లా గడిచిందో తెలియదు. షెడ్డు మూసే ఉంది. వాన గట్టిగా కురిసి సందులో నీళ్లు నిలిచాయని, షట్టర్ కింద నుంచి లోపలికి పోతున్నాయని పక్క టైర్ల షాపు అతను ఫోన్ చేశాడు. ఆ కారును కాస్త ఎత్తు మీదికి జరపాలి. వెళ్లి స్టార్ట్ చేశాను.

శబ్దం తేడాగా ఉంది. ఒక్క ఈలే వినిపిస్తోంది.

వెనక టర్బో పట్టేసిందనుకున్నాను. అంతకంటే ఏమనుకుంటాం? పైపు తీసి టార్చ్ వేశాను. ఎర్ర చుక్క, చుక్కలాగే ఉంది. ఇంజన్ నడుస్తోంది, చక్రం నిలబడి ఉంది. ఆఫ్ చేసి వేలితో తిప్పితే మెత్తగా తిరిగింది. పట్టేసిన టర్బో అట్లా తిరగదు. మళ్లీ స్టార్ట్ చేశాను. నిలబడింది.

చేత్తో ఎక్సలేటర్ తీగ లాగి రేస్ ఇచ్చాను. రెండింటి గాలీ ఒకే గొట్టంలో కలుస్తుంది కాబట్టి, ముందు టర్బో కుక్కిన గాలి ఆగిపోయిన వెనక చక్రం సందుల్లోంచి బయటికి తన్నుకొచ్చి నా మొహానికి తగిలింది. వెచ్చటి గాలి. అంత గాలి అటు నుంచి తోస్తోంది, ఇటు పొగ తోస్తోంది, మధ్యలో ఆ బొట్టు వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

ఇరవై ఏళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాను. నాకు ఒళ్లు మండింది తప్ప భయం వేయలేదు. ఏదో లోపం ఉంది, నాకు దొరకడం లేదు, అంతే అనుకున్నాను.

ఆసుపత్రిలో రోజుకు కాసేపే లోపలికి పంపుతారు. మిగతా పొద్దంతా బయట కుర్చీల్లో కూర్చుని ఏం చేస్తాం? స్వప్న అక్కడే ఉండేది, కదిలేది కాదు. నేను కూర్చోలేక షెడ్డుకు వచ్చి దాన్ని విప్పేవాణ్ని. పొగ గొట్టంలో ఏమైనా అడ్డం పడిందా అని చూశాను, లేదు. ఆయిల్ వస్తోందా, వస్తోంది. దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి కంప్రెసర్ గాలి కొడితే ఈల వేస్తూ తిరిగింది. ముందు టర్బోను వెనకకు, వెనకదాన్ని ముందుకు మార్చి బిగించాను. నేను బిగించింది ఎక్కడ పెట్టినా తిరిగింది. నరేశ్ బిగించింది ఎక్కడ పెట్టినా నిలబడింది. మళ్లీ దేని చోట దాన్ని పెట్టేశాను.

ఆటోనగర్‌లో ప్రసాద్ గారని ఉన్నారు. విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డారు. లారీల టర్బోలు బాగుచేస్తారు, బ్యాలెన్సింగ్ మిషన్ ఉంది. ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. మిషన్ మీద పెట్టి తిప్పి చూసి నా చేతికిచ్చేశారు.

"దీనికేం జబ్బు లేదండి యాదగిరి గారూ. మీ తమ్ముడు చాలా నీట్‌గా చేశాడు."

"ఇంజన్ మీద పెడ్తే తిరుగుత లేదు సార్."

"అలా ఎలా ఉంటుందండీ? మీరు సరిగ్గా చూసుండరు. నిద్రల్లేవు కదా మీకు" అన్నారు, పాపం జాలిగానే.

నాకు రోషం వచ్చింది. ఒకసారి షెడ్డుకు రమ్మని పట్టుబట్టాను. వచ్చారు. బిగించింది ఆయనే, స్టార్ట్ చేసింది ఆయనే. టార్చ్ పట్టుకుని చాలాసేపు వంగి చూశారు. నన్ను రేస్ ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఇంకా ఇవ్వమన్నారు, ఇచ్చాను. చివరికి ఒక పొడుగాటి తీగ ముక్క లోపలికి పెట్టి మెల్లగా ఆ చక్రం రెక్కను తోశారు. తోసినంత మేర కదిలి ఆగిపోయింది.

ఆయన ఇంజన్ ఆఫ్ చేసి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నారు. అప్పటికే చాయ్ చెప్పాను. తాగకుండానే బండెక్కారు. "ఎవరికైనా చూపించండి" అన్నారు. ఎవరికో చెప్పలేదు. హైదరాబాద్‌లో ఈ పని ఆయన కంటే తెలిసినవాళ్లు నాకు తెలియదు.

అదే సాయంత్రం పెద్ద డాక్టర్ మమ్మల్ని లోపలికి పిలిచాడు. గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, షుగర్ లేదు, మనిషిది గట్టి ఒళ్లు, కానీ లేవడం లేదు అన్నాడు. మేం చేయాల్సిందంతా చేశాం, అన్నీ అందుతున్నాయి, లోపలి నుంచి మాత్రం జవాబు రావట్లేదు అన్నాడు. మధ్యాహ్నం ప్రసాద్ గారు వంగి చూసిన ఆ చక్రం నా కళ్ల ముందుకొచ్చింది. వాడికీ ఆ చక్రానికీ లంకె ఉందన్న ఆలోచనే అప్పటిదాకా నాకు రాలేదు, ఒట్టు.

ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్తాను? చెప్తే అమ్మ వెంటనే ఏ బాబా దగ్గరికో తీసుకుపోయేది. కానీ ఆ రోజు నుంచి పొద్దున్నే ఆసుపత్రికి పోయే ముందు షెడ్డు తెరిచి కారు స్టార్ట్ చేసి ఆ బొట్టు చూడడం మొదలుపెట్టాను. చుక్క. మర్నాడు మళ్లీ చుక్క. ఆసుపత్రిలో నర్సు మొహం చూడకముందే ఆ రోజు ఎట్లా ఉండబోతోందో నాకు తెలిసేది. నాలాంటివాడు ఇట్లా తయారయ్యాడేందని నా మీద నాకే నవ్వొచ్చేది. నవ్వుతూనే ఏడుపొచ్చేది.

కొన్నాళ్లకు డాక్టర్ ఇంకో మాట అన్నాడు. మాలాంటి వాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే అది. "ఇంక ఇంటికి తీసుకెళ్తారా?" అని. అంటే అంబులెన్స్‌లో చేత్తో గాలి కొడుతూ ఇంటి దాకా తెస్తారు, ఇంటికొచ్చాక గొట్టం తీసేస్తారు, కాసేపటికి మనిషి పోతాడు. ఆసుపత్రిలో పోకుండా సొంత ఇంట్లో, అయినవాళ్ల మధ్య పోతాడు. మా నాన్నను కూడా అట్లాగే తెచ్చాం.

స్వప్నే మాట్లాడింది.

"తీస్కపోదం బావా. ఆయన్ని గుచ్చింది చాలు. చేతుల మీద సూది పెట్టే జాగ లేదు. నేను జూడలేకపోతున్న."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆ దశ దాటిపోయింది. మర్నాడు పొద్దున అని అనుకున్నాం. ఊళ్లో చుట్టాలకు ఫోన్లు వెళ్లాయి. ఇంట్లో అమ్మ ముందు గది ఖాళీ చేసి చాప పరిపించింది. సామాన్లన్నీ తీసి పక్క గదిలో పెడుతూ, ఎందుకు తీస్తున్నదో మర్చిపోయి, "నరేశ్ ఇంటికొచ్చినంక మళ్ల జరపాలె" అన్నది. నా భార్య ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది.

పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరి, దారిలో షెడ్డు దగ్గర ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు, కాళ్లు అటే పోయాయి. సందులో పాలవాళ్లు, బడికి పోయే పిల్లలు, రోజూ ఉండే గోలే. షట్టర్ ఎత్తి, కారు స్టార్ట్ చేసి, పైపు తీసి చూశాను. చుక్క.

స్టూల్ లాక్కుని దాని ముందు కూర్చున్నాను. ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. మడ్‌గార్డ్ మీద చేత్తో కొట్టి తిట్టాను. "లెవ్వురా, లేస్తవా లెవ్వవా? ఇయ్యాల తీస్కపోతున్నరు నిన్ను. అందరు వచ్చిండ్రు. లేస్తె ఇప్పుడే లెవ్వు." పక్క షాపు అతను వచ్చి చూసి వెళ్లిపోయాడు. ఇంజన్ మామూలుగా నడుస్తోంది. నేను మడ్‌గార్డ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా.

అప్పుడు ఇంజన్ శబ్దం మారింది. ముందు కొంచెం బరువుగా అయింది, ఏదో అడ్డం పడ్డట్టు. తర్వాత వెనక నుంచి సన్నగా రెండో ఈల మొదలైంది. తల ఎత్తి టార్చ్ వేశాను. చుక్క లేదు. ఎర్రటి గుండ్రం గీత. సన్నగా, శుభ్రంగా, ఎక్కడా వణుకు లేకుండా తిరుగుతోంది. రెండు ఈలలూ కలిసి నాదర్‌గుల్ రోడ్డు మీద విన్న ఆ ఒక్క శబ్దం అయిపోయాయి.

నేను దేన్నీ ముట్టుకోలేదు. కావాలంటే నా పిల్లల మీద ఒట్టేసి చెప్తాను. మడ్‌గార్డ్ మీద కొట్టినందుకు కదిలిందని అంటారా? అంతకు ముందు సుత్తితోనే కొట్టి చూశాను.

షట్టర్ కూడా వేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాను. స్వప్న కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. మా ఇష్టంతోనే తీసుకుపోతున్నామని రాసి ఉన్న కాగితం ముందుంది, పెన్ను చేతిలో ఉంది. నేను పెన్ను లాక్కున్నాను.

"వద్దు స్వప్నా. తీస్కపోవద్దు. వాడు లేస్తడు."

"డాక్టర్ అన్నడా?"

"డాక్టర్ గాదు. నేను జూసిన."

అక్కడే, జనం అటూ ఇటూ పోతుంటే, మొత్తం చెప్పాను. టర్బో సంగతి, బొట్టు సంగతి, ప్రసాద్ గారి సంగతి, ఇప్పుడే చూసింది. నా మాటలు నాకే పిచ్చివాడి మాటల్లాగా వినిపించాయి. ఇంకెవరు చెప్పినా ఆ అమ్మాయి వినేది కాదు. మా అమ్మ చెప్పినా వినేది కాదు.

"నువ్వు నమ్ముతున్నవా బావా?"

"నమ్ముతున్న."

"నువ్వే?"

"నేనే."

ఆమె కాగితం వెనక్కి తోసేసింది.

లోపలికి వెళ్తే మంచం చుట్టూ నర్సులు ఉన్నారు. పొద్దున కాసేపు పల్స్ దొరకలేదని, గుండె మీద నొక్కి, మందులిచ్చి మళ్లీ తెచ్చామని చెప్పారు. ఎప్పుడు అని అడిగాను. ఇంచుమించు నేను షెడ్డులో కూర్చున్న వేళే. నేను స్వప్న చెయ్యి పట్టుకుని, "జూసినవా? పోయేటోడు తిరిగొచ్చిండు" అన్నాను. ఆ క్షణంలో నాకు ఒక్క అనుమానం కూడా లేదు. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

చావుకని వచ్చిన చుట్టాలు మా ఇంట్లో అన్నాలు తిని సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయారు. అమ్మ చాప చుట్టేసింది. ముందు గదిలో సామాన్లు మళ్లీ సర్దింది.

నరేశ్ గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మెల్లమెల్లగా మిషన్ తగ్గించారు. ఒకరోజు తనంతట తానే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు. ఇంకో రోజు కళ్లు తెరిచాడు. స్వప్న ఆ రోజు ఆసుపత్రి వరండా అంతా లడ్డూలు పంచింది.

అంతే. అక్కడితో ఆగిపోయింది.

కళ్లు తెరుస్తాడు, మూస్తాడు. చూపు ఎక్కడా నిలవదు. పిలిస్తే పలకడు. చెయ్యి నొక్కితే నొక్కడు. పసిపిల్లలు కూడా తల్లి మొహం చూస్తారు, వాడి కళ్లు మన మొహం మీదుగా అట్లా జరిగి గోడ మీదికి పోతాయి. చాలామంది డాక్టర్లకు చూపించాం. అందరిదీ ఒకటే మాట. ఒళ్లు బతికి ఉంది, ఇట్లాగే ఎన్నేళ్లయినా ఉండొచ్చు, ఇంక ఇంతే.

ఇప్పుడు ఆ ముందు గదిలోనే వాడి మంచం. స్వప్న ఉద్యోగం మానేసింది. ముక్కు గొట్టంలోంచి జావ పోస్తుంది. కఫం మిషన్‌తో తీస్తుంది. పుండ్లు పడకుండా పొద్దంతా అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పుతుంది. ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. వాళ్లమ్మ వచ్చి, కొన్నాళ్లు పుట్టింటికి రమ్మని ఏడ్చి వెళ్లింది. "నేను పోతే ఎవరు తిప్పుతరు?" అన్నది స్వప్న. ఆ మాట నా ఎదుటే అన్నది, నన్ను చూడకుండా.

కారు షెడ్డులోనే ఉంది. ఆ రోజు నుంచి వెనక టర్బో ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రసాద్ గారిని పిలిచి చూపించాను. తిరుగుతున్న ఆ గీత చూసి, "మొదట్నుంచీ చెప్తున్నాను కదండీ, దానికేం లేదని" అన్నారు. మరి ఆ రోజు మీరు చూసిందేంటి సార్ అంటే, "నేను చూసింది నాకూ తెలీదండి, వదిలేయండి" అన్నారు. ఎందుకు ఆగింది, ఎందుకు తిరిగింది, ఈ పని తెలిసిన ఎవరిని అడిగినా జవాబు లేదు. వేడికి బేరింగు వ్యాకోచించిందని, ఆయిల్ చిక్కబడిందని నాకు నేనే ఏవేవో చెప్పుకుని చూశాను. ఏదీ అతకదు. నేను దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మరి దేన్ని నమ్మి ఆ పెన్ను లాక్కున్నానంటే చెప్పలేను.

మొన్నొక మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికొచ్చాను. అమ్మ నిద్రపోతోంది. స్వప్న నరేశ్‌కు ఒళ్లు తుడుస్తోంది. ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం లేదు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వెనక్కి తిరగకుండానే అడిగింది.

"బావా, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు."

"ఆ దినం గా చక్రం తిరిగింది అన్నవు గదా. ఆయన మళ్ల వచ్చినందుకు తిరిగిందా? ఈ ఒళ్లు ఇడిసిపెట్టి పోయినందుకు తిరిగిందా?"

ఆ ప్రశ్న నేను ఎప్పుడో వేసుకోవాల్సింది. వేసుకోలేదు. పొద్దున పల్స్ దొరకలేదని నర్సు చెప్పినప్పుడు కూడా వేసుకోలేదు. 

"తెల్వది స్వప్నా" అన్నాను.

ఆమె తల ఊపింది. బట్ట నీళ్లలో ముంచి పిండింది.

"సరే, జర కాళ్లు పట్టు. ఇటు తిప్పుదం" అన్నది.

నేను మంచం చివరకు వెళ్లి నా తమ్ముడి కాళ్లు పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.